పాత పసిఫిక్ కాన్ఫరెన్స్ ఊళ్ల మీదుగా: పుల్‌మన్ నుంచి బర్క్‌లీ వరకు

శుక్రవారం, 2025 సెప్టెంబర్ 19: సియాటెల్ – పుల్‌మన్

సియాటెల్ నుంచి పుల్‌మన్‌కు దాదాపు 285 మైళ్ల దారి. స్నోక్వాల్మీ కనుమ దాటేవరకు రెండు పక్కలా దట్టమైన అడవి, ఎలెన్స్‌బర్గ్ దాటితే చెట్టన్నది లేని ఎండు కొండలు, వాంటేజ్ దగ్గర కొలంబియా నది మీద వంతెన, ఆ తర్వాత 26వ నంబరు రాష్ట్ర రహదారి. గ్రాండ్ కూలీ ఆనకట్ట నీళ్లు పారే ఒతెల్లో ప్రాంతంలో బంగాళాదుంప చేలు, ఆపిల్ తోటలు కనిపిస్తాయి. అక్కడి నుంచి కోల్‌ఫాక్స్ వరకు కోతలు ముగిసిన గోధుమ పొలాలే. మామూలు రోజుల్లో నిర్మానుష్యంగా ఉండే ఈ రోడ్డు మీద ఈ రోజు కార్లు బారులు తీరాయి. కొన్నిటికి ముదురు ఎరుపు జెండాలు, కొన్నిటికి ఊదా జెండాలు కట్టారు. ఎరుపు పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ రంగు, ఊదా సియాటెల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ రంగు. 1900 నుంచి ఆడుతున్న, 1962 నుంచి ఆపిల్ కప్ అని పిలుస్తున్న ఫుట్‌బాల్ పోరు రేపు పుల్‌మన్‌లో జరగబోతోంది.

ఈ ప్రయాణానికి నేను పెట్టుకున్న పని ఒక్కటే. చెదిరిపోయిన పాక్-12 కాన్ఫరెన్స్ ఊళ్లలో దిగి, అక్కడి అభిమానులు ఇప్పుడు ఎవరిని తమవాళ్లనుకుంటున్నారో, ఎవరిని పరాయివాళ్లనుకుంటున్నారో వాళ్ల నోటనే వినాలి. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ చూడనివారికి కాన్ఫరెన్స్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఏటా తమలో తాము తప్పక ఆడుకుంటామని ఒప్పందం చేసుకున్న విశ్వవిద్యాలయాల బృందమే కాన్ఫరెన్స్. రైళ్ల కాలంలో ఏర్పడింది కాబట్టి సభ్యులంతా సహజంగానే ఇరుగుపొరుగువారు. తర్వాతి కాలంలో పాక్-12 అయిన పడమటి తీరపు కాన్ఫరెన్స్‌ను 1915లో పోర్ట్‌లాండ్‌లో నాలుగు విద్యాసంస్థలు కలిసి స్థాపించాయి: కాలిఫోర్నియా (బర్క్‌లీ), వాషింగ్టన్ (సియాటెల్), ఒరెగన్ (యూజీన్), ఈ రోజు ఒరెగన్ స్టేట్‌గా పిలిచే అప్పటి వ్యవసాయ కళాశాల. వాషింగ్టన్ స్టేట్ 1917లో చేరింది. పేర్లు, సభ్యుల సంఖ్య మారుతూ వచ్చినా నూరేళ్లకు పైగా ఆ పొరుగు చాలావరకు నిలిచింది.

చెదరడానికి మూలం 1984లో ఉందని నా అభిప్రాయం. కాలేజీ ఫుట్‌బాల్ టీవీ ప్రసారాల మీద కాలేజీ క్రీడల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ పెత్తనం చెల్లదని ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ ఏడాది తీర్పునిచ్చింది. అప్పటి నుంచి ప్రసార హక్కులు అమ్ముకునే స్వేచ్ఛ కాన్ఫరెన్స్‌ల చేతికి వచ్చింది. ఏ జట్టును చేర్చుకుంటే ఎన్ని ఇళ్లలోని టీవీలు తమ లెక్కలోకి వస్తాయన్నదే ప్రధానమైంది. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయాలు తాము మిడ్‌వెస్ట్‌కు చెందిన బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కు వెళ్లిపోతున్నట్లు ప్రకటించాయి. అదే వేసవిలో బిగ్ టెన్ 700 కోట్ల డాలర్లకు పైబడిన ప్రసార ఒప్పందం కుదుర్చుకుంది. పాక్-12కు అటువంటి ఒప్పందం దొరకలేదు. 2023 జూలైలో కొలరాడో వెళ్లింది. ఆగస్టు 4న, ఒక్క రోజులో, ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 అనే మరో కాన్ఫరెన్స్‌కు వెళ్లిపోయాయి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్ ఏసీసీలో చేరాయి. మిగిలినవి వాషింగ్టన్ స్టేట్, ఒరెగన్ స్టేట్. అంటే 1915 నాటి నలుగురు స్థాపకుల్లో ఇల్లు విడవనిది ఒక్క ఒరెగన్ స్టేట్.

నేను పుల్‌మన్‌లో ఎంఎస్ చదివాను. మా అమ్మాయి సియాటెల్ క్యాంపస్‌లో రెండో ఏడాదిలోకి వచ్చింది. అక్కడ క్లాసులు 24న గాని మొదలు కావు కాబట్టి నాతో బయల్దేరింది. ఊదా రంగు జెర్సీ వేసుకుని పక్క సీట్లో కూర్చున్న తను ఒతెల్లో దగ్గర ఆ మాట ఎత్తింది.

"నాన్నా, మావాళ్లు వెళ్లకుండా ఉండి ఉంటే ఏమయ్యేది? మీతో కలిసి మునిగేవాళ్లు. దానివల్ల మీకేం ఒరిగేది?"

"మునిగేవాళ్లో లేదో ఎవరికి తెలుసమ్మా? అందరూ నిలబడి ఉంటే అసలు మునగడమే ఉండేది కాదు కదా."

"యూఎస్‌సీ అప్పటికే వెళ్లిపోయింది. మా రోయింగ్ టీముకు, సాఫ్ట్‌బాల్ టీముకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మావాళ్లు సగం వాటాకే ఒప్పుకుని వెళ్లారు, అదీ చూడాలి మీరు."

ఆ మాట నిజమే. బిగ్ టెన్‌లో మిగతా సభ్యులకు అందే పూర్తి వాటా వాషింగ్టన్, ఒరెగన్‌లకు ఇవ్వలేదు. ఏడాదికి సుమారు 3 కోట్ల డాలర్లతో, అంటే దాదాపు సగం వాటాతో మొదలుపెట్టారు.

కోల్‌ఫాక్స్‌లో కాఫీ కోసం ఆగినప్పుడు విట్‌మన్ కౌంటీ కోర్టు ఉన్న ఊరు ఇదేనని తనకు చెప్పాను. వెళ్లిపోయే పది సంస్థలకు పాక్-12 పాలకమండలిలో ఓటు ఉంటుందా, ఆస్తులు ఎవరి అధీనంలో ఉండాలి అన్న వివాదం 2023 నవంబర్‌లో ఈ చిన్న ఊరి కోర్టులోనే మిగిలిన రెండింటికి అనుకూలంగా తేలింది. రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించాక రాజీ కుదిరింది. ఆ తీర్పు రాకపోతే ఈ రోజు పాక్-12 అనే పేరైనా మిగిలేది కాదు.

శనివారం: పుల్‌మన్

పొద్దున్నే క్యాంపస్‌లోని ఫెర్డినాండ్స్ దుకాణానికి వెళ్లాము. వాషింగ్టన్ స్టేట్ సొంత డెయిరీలో తయారయ్యే కూగర్ గోల్డ్ చీజ్ అక్కడ అమ్ముతారు. దానిని 1940ల నుంచి డబ్బాలోనే సీలు చేసి అమ్మడం ఆనవాయితీ. డబ్బాలో ఉండగానే అది ముదురుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ రుచి ఘాటెక్కుతుంది. వరుసలో నిలబడ్డవారిలో సగం మంది పాత విద్యార్థులు, ఎవరు ఎవరికి ఎదురుపడినా "గో కూగ్స్" అంటారు; కూగ్స్ అంటే కూగర్స్, ఈ బడి జట్ల పేరు. సియాటెల్‌లో ఎర్ర టోపీ పెట్టుకుని కూరగాయల కొట్టుకు వెళ్లినా ముక్కూమొహం తెలియని మనిషి ఆ మాటే అంటాడు. ఈ బడి అభిమానం అలా పలకరింపుగా బతుకుతోంది. ఈఎస్‌పీఎన్ శనివారం ఉదయం వేసే కాలేజీ గేమ్‌డే కార్యక్రమం ఏ ఊళ్లో జరిగినా జనంలో ఒక వాషింగ్టన్ స్టేట్ జెండా ఎగరడం 2003 నుంచి ఆగలేదు. జెండాను ఊరి నుంచి ఊరికి పంపించుకునేదీ, వెళ్లి పట్టుకునేదీ అభిమానులే.

స్టేడియం దగ్గరి పార్కింగ్‌లో మధ్యాహ్నానికే పొయ్యిలు వెలిగాయి. ఆటకు ముందు కారు వెనక డిక్కీ తెరిచి, వండుకుని తింటూ గంటల తరబడి మాట్లాడుకోవడాన్ని ఇక్కడ టెయిల్‌గేట్ అంటారు. ఒక గుడారం కింద మమ్మల్ని కూర్చోబెట్టిన పెద్దాయన ఈ చుట్టుపక్కలే గోధుమ పండించే రైతు. ఆయన తండ్రి, ఆయన, ఆయన కొడుకు ముగ్గురూ ఇక్కడే చదివారు. ఊదా జెర్సీలో ఉన్న మా అమ్మాయికి ముందు ప్లేటు అందించి ఆ తర్వాత వాదన మొదలుపెట్టాడు. నిరుడు సియాటెల్‌లోని లూమెన్ ఫీల్డ్‌లో వాషింగ్టన్ స్టేట్ 24-19తో గెలిచిన ఆట చివరి క్షణాలను ఆయన చేతులతో గాలిలో గీసి చూపించాడు: వాషింగ్టన్ చేతిలో చివరి ప్రయత్నం, గోల్ లైనుకు ఒక్క గజం దూరం, పక్కకు పరుగెత్తబోయిన ఆటగాణ్ని ఎర్ర జెర్సీలు చుట్టేసి పడగొట్టిన తీరు.

"అయినా అది సెప్టెంబర్ గెలుపు," అన్నాడాయన.

ఈ ప్రయాణంలో నేను విన్న మాటలన్నిటిలో నా మనసులో నాటుకున్నది అదే. ఆపిల్ కప్ చాలా కాలంగా నవంబర్ చివర్లో, థాంక్స్‌గివింగ్ వారంలో, సీజన్ ఆఖరి ఆటగా జరిగేది. పొలం పని ముగిసి, పిల్లలు ఇళ్లకు చేరి, కుటుంబంలో ఎరుపువారు, ఊదావారు ఒకే బల్ల దగ్గర కూర్చునే వారం అది. అప్పటివరకు ఎన్ని ఆటలు ఓడిన జట్టుకైనా ఆ ఒక్క గెలుపుతో ఏడాది దక్కేది; పై స్థానంలో ఉన్న జట్టు కలలను చెదరగొట్టే అవకాశం కింది జట్టుకు ఉండేది. ఇప్పుడు నవంబర్ చివరి వారం బిగ్ టెన్ సొంతం. ఆ వారం వాషింగ్టన్ ఒరెగన్‌తో ఆడుతుంది. ఆపిల్ కప్‌ను 2028 వరకు కొనసాగించడానికి ఒప్పందమైతే ఉంది గాని, ఆటను సీజన్ మొదట్లోకి, ఏ కాన్ఫరెన్స్ పట్టికలోనూ లెక్కకు రాని చోటికి జరిపారు. సంక్రాంతిని శ్రావణ మాసంలో చేసుకోమంటే పిండివంటలు అవే వండవచ్చు, ముగ్గులు అవే పెట్టవచ్చు, కాని కోతలు కాని ఊళ్లో అది ఎవరి పండగ?

ఆటగాళ్ల విషయంలో అక్కడివారు ఎవరినీ తిట్టకపోవడం నాకు గౌరవం కలిగించింది. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చు. బదిలీ నిబంధనలు సడలాయి. ఈ ఏడాది నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల వరకు ఆటగాళ్లకు పంచవచ్చు. ఇక్కడ ఎదిగిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపించేవాడు) క్యామ్ వార్డ్ మయామీకి వెళ్లి, అక్కడి నుంచి 2025లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా ఎంపికయ్యాడు. నిరుటి ఆపిల్ కప్ గెలిపించిన జాన్ మటీర్ ఓక్లహోమాకు, కోచ్ జేక్ డికర్ట్ వేక్ ఫారెస్ట్‌కు వెళ్లారు. "పిల్లవాడు బాగుపడితే సంతోషమే, మా వార్డ్ అనే చెప్పుకుంటాం," అంది రైతు భార్య. మనుషులు వెళ్లడాన్ని వాళ్లు అర్థం చేసుకోగలరు, విశ్వవిద్యాలయాలు పొరుగును వదిలి వెళ్లడం మాత్రం వాళ్లకు కొరుకుడుపడటం లేదు. నాకూ అంతే.

ఆట 59-24తో వాషింగ్టన్ గెలిచింది. అంతకు ముందు శనివారమే నార్త్ టెక్సస్ చేతిలో 59 పాయింట్లు ఇచ్చుకున్న జట్టు మాది. స్టేడియం చాలావరకు చివరిదాకా ఖాళీ కాలేదు. మా అమ్మాయి తన స్నేహితుల గుంపులోకి వెళ్లి గంతులు వేసి, తిరిగి వచ్చాక ఆ రైతు దంపతులకు చేయి కలిపి మరీ సెలవు తీసుకుంది.

ఆదివారం: కొలంబియా నది వెంట

అమ్మాయి స్నేహితులతో సియాటెల్‌కు తిరిగి వెళ్లింది. నేను వాలా వాలా మీదుగా కొలంబియా నది ఒడ్డుకు చేరి, ఐ-84 పట్టుకుని పోర్ట్‌లాండ్ వరకు నది పక్కనే నడిపాను. రోజంతా బండి మీదే గడిచింది. మల్ట్‌నోమా జలపాతం దగ్గర కాసేపు ఆగి, చీకటి పడ్డాక కొర్వాలిస్ చేరాను.

సోమవారం: కొర్వాలిస్

మా బావమరిది ఒరెగన్ స్టేట్‌లో చదివి ఇదే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆపిల్ కప్ జరిగిన రోజే యూజీన్‌లో వీళ్ల జట్టు 41-7తో ఒరెగన్ చేతిలో ఓడింది. ఈ సీజన్‌లో అది వరుసగా నాలుగో ఓటమి. "బావా, ఆట ఓడటం మాకు కొత్త కాదు. ఎవరితో ఆడాలో మా చేతుల్లో లేకపోవడమే కొత్త," అంటూ నన్ను రీసర్ స్టేడియానికి తీసుకెళ్లాడు.

పడమటి వైపు గ్యాలరీ అంతా కొత్తది. 16 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో కట్టి, 2023 సెప్టెంబర్‌లో తెరిచారు. కాన్ఫరెన్స్ కూలింది అంతకు నెల ముందే. ఆ సీజన్ చివర యూజీన్‌లో ఒరెగన్‌తో ఆడి ఓడిన మర్నాడే, ఇదే బడిలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి ఇక్కడే కోచ్ అయిన జొనాథన్ స్మిత్, బిగ్ టెన్‌లోని మిషిగన్ స్టేట్‌కు వెళ్లిపోయాడు. మా బావమరిదికి ఆ ఒక్క సంగతి ఈ రోజుకీ మింగుడుపడలేదు. బయటి కోచ్ వెళ్తే వృత్తి అనుకోవచ్చు గాని, పూర్వ విద్యార్థి వెళ్తే ఇంట్లోవాడు వెళ్లినట్టే అంటాడు. నేను ఆ వాదనకు పూర్తిగా తల ఊపలేకపోయాను. ఇల్లు కూలుతున్నప్పుడు నిలబడే బాధ్యత జీతగాళ్ల కన్నా ముందు అధ్యక్షుల మీద, పాలకమండళ్ల మీద ఉంటుంది.

వీధి దాటి బేస్‌బాల్ మైదానం గాస్ స్టేడియం వైపు నడిచినప్పుడు అతని గొంతు మారింది. 2006, 2007, 2018లలో జాతీయ విజేతగా నిలిచిన ఆ బేస్‌బాల్ జట్టు 2025 సీజన్‌ను ఏ కాన్ఫరెన్స్ లేకుండా, దొరికినవారితో దొరికిన చోట ఆడుతూ గడిపింది. అయినా ఒమాహాలో జరిగే కాలేజ్ వరల్డ్ సిరీస్ వరకు చేరింది. ఆ జూన్ రాత్రులు ఊరు ఊరంతా మేల్కొని ఉందని చెబుతూ గేటు చువ్వల మధ్య నుంచి మైదానాన్ని చాలాసేపు చూపించాడు. 2026 నుంచి బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్, ఫుట్‌బాల్ ఆడని గొన్జాగా చేరాక పాక్-12 మళ్లీ నిలబడుతుంది.

"వాళ్లతో పగ పుట్టడానికి ఎన్నేళ్లు పడుతుంది?" అని అడిగాను.

"బోయిసీతో తొందరగానే పుడుతుంది బావా. పక్క రాష్ట్రమేగా. టెక్సస్‌తో మాత్రం మా పిల్లల తరానికైనా పుడుతుందో లేదో."

మంగళవారం: యూజీన్

కొర్వాలిస్ నుంచి 40 మైళ్లు దక్షిణంగా వస్తే యూజీన్. ఈ రెండు ఊళ్ల జట్లు 1894 నుంచి ఆడుకుంటున్నాయి. ఇక్కడ మాత్రం అందరూ ముందు చూపుతో మాట్లాడతారు. నైకీ స్థాపకుల్లో ఒకరైన ఫిల్ నైట్ ఈ విశ్వవిద్యాలయంలోనే చదివి, దీనికి ఇచ్చిన విరాళాలు క్యాంపస్‌లో అడుగడుగునా కనిపిస్తాయి. విలామెట్ నది మీది కాలినడక వంతెన దాటి ఆట్జెన్ స్టేడియం వరకు నాతో నడిచిన ఒక పట్టభద్రుడు 2024 అక్టోబర్ 12 రాత్రిని వర్ణించాడు: ఒహాయో స్టేట్‌ను 32-31తో ఓడించిన ఆట, 54 వేల మందికి కట్టిన స్టేడియంలో 60 వేలు దాటిన జనం. మొదటి ఏడాదే బిగ్ టెన్ విజేతగా నిలిచిన జట్టు తిరిగి పాత కాన్ఫరెన్స్‌కు ఎందుకు వెళ్లాలని అతని ప్రశ్న.

అతని సంతోషాన్ని నేను తక్కువ చేయను. అటువంటి రాత్రి పాత కాన్ఫరెన్స్‌లో వచ్చేది కాదన్నదీ ఒప్పుకుంటాను. అయితే ఒరెగన్ స్టేట్‌తో ఆట సంగతి అడిగితే, "ఉంటే మంచిదే," అని రెండు మాటల్లో తేల్చేశాడు. ఆపిల్ కప్‌కు ఉన్నటువంటి దీర్ఘకాల ఒప్పందం ఈ పోరుకు లేదు. గెలిచే ఊళ్లో పొరుగువాడి మీద పగ కూడా పలచబడుతుందని నాకు యూజీన్‌లోనే అర్థమైంది. పగ పోవడం మంచిదే కదా అనేవారు ఉంటారు. ఆటలో మాత్రం పగ పోయిన చోట పట్టింపు కూడా పోతుంది.

బుధ, గురువారాలు: దక్షిణానికి

బర్క్‌లీ వరకు దాదాపు 500 మైళ్లు. ఆష్‌ల్యాండ్ దాటాక సిస్కియూ కొండలు ఎక్కి దిగితే మౌంట్ శాస్తా. రెడింగ్‌లో రాత్రి పడుకుని, గురువారం సాయంత్రానికి ఫ్రీమాంట్‌లో మిత్రుడి ఇంటికి చేరాను.

శనివారం, సెప్టెంబర్ 27: బర్క్‌లీ

ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైలెక్కి, బర్క్‌లీ డౌన్‌టౌన్‌లో దిగి, కొండ వైపు నడిస్తే 1923లో కట్టిన మెమోరియల్ స్టేడియం వస్తుంది. హేవర్డ్ భూకంప రేఖ సరిగ్గా దాని కిందుగా, మైదానం ఒక కొస నుంచి మరో కొసకు వెళ్తుంది. భూమి కదిలినా గ్యాలరీలు విడివిడిగా కదిలి తట్టుకునేలా 32.1 కోట్ల డాలర్లతో పునర్నిర్మించి 2012లో తెరిచారు. ఆ అప్పు భారాన్ని చూస్తే కాలిఫోర్నియా ఎందుకు ఎక్కడో ఒకచోట చేరక తప్పలేదో తెలుస్తుంది. ఏసీసీలో ఈ విశ్వవిద్యాలయానికి, స్టాన్‌ఫర్డ్‌కు మొదటి ఏడేళ్లు ప్రసార ఆదాయంలో 30 శాతం వాటాయే ఇస్తారు. తమ ఏలుబడిలోనే ఉన్న యూసీఎల్‌ఏ వెళ్లిపోవడం బర్క్‌లీని దెబ్బతీసిందని గుర్తించిన విశ్వవిద్యాలయ పాలకమండలి, యూసీఎల్‌ఏ మూడేళ్లపాటు ఏటా కోటి డాలర్లు బర్క్‌లీకి చెల్లించాలని 2024లో నిర్ణయించింది. ఈ మొత్తం వ్యవహారంలో వెళ్లినవాడు పొరుగుకు పరిహారం కట్టాలన్న న్యాయం నాకు కనిపించింది ఇక్కడే.

స్టేడియం మూసి ఉంది. జట్టు ఆ రోజు బోస్టన్ కాలేజీతో ఆడటానికి దేశం ఆ చివరకు వెళ్లింది. అది పేరుకు కాన్ఫరెన్స్ ఆట. మేము టెలిగ్రాఫ్ అవెన్యూ దగ్గర ఒక హోటల్లో టీవీ ముందు కూర్చున్నాం. మా బల్ల దగ్గరే కూర్చున్న నీలం చొక్కాల వృద్ధులు ఇద్దరు, నిరుడు అక్టోబర్‌లో మయామీ మీద 35-10తో ముందుండి 39-38తో ఓడిన ఆటను తలచుకున్నారు. ఆ రోజు మయామీని గట్టెక్కించింది క్యామ్ వార్డే. నేను పుల్‌మన్‌లో చదివానని చెప్పగానే, "అయితే ఆ కుర్రాడు మీవాడే," అన్నారు. అవునన్నాను. వారిలో ఒకాయనకు బోస్టన్ కాలేజీ రంగులేమిటో ఆ రోజు దాకా తెలియదట. స్టాన్‌ఫర్డ్‌తో 1892 నుంచి ఆడే బిగ్ గేమ్ మాత్రం ఇంకా నవంబర్‌లోనే ఉంది, రెండూ ఒకే కాన్ఫరెన్స్‌కు కలిసి వెళ్లాయి కాబట్టి తేదీ నిలిచిందని ఆయన చెప్పాడు. రైతు చెప్పిన మాటకు ఇది రెండో సాక్ష్యం.

కాలిఫోర్నియా 28-24తో గెలిచింది. బయటికి వచ్చి అమ్మాయికి ఫోన్ చేస్తే, వాళ్ల జట్టు ఒహాయో స్టేట్‌తో సియాటెల్‌లో 24-6తో ఓడిపోయిందని చెప్పింది.

"నాన్నా, నేనొకటి అనుకున్నాను. 2028 తర్వాత ఆపిల్ కప్ ఒప్పందం మళ్లీ రాసుకోవాలి కదా. అప్పుడు నవంబర్‌కు మార్చమని మా స్టూడెంట్ సంఘంలో తీర్మానం పెట్టించవచ్చేమో."

"నవంబర్ చివరి వారం మీకు ఒరెగన్ ఉంది తల్లీ."

"ఉంటే దాన్ని ముందుకు జరపనీ. వాళ్లు బిగ్ టెన్‌లో ఎప్పుడైనా ఆడుకోవచ్చు. మీవాళ్లతో ఆట మాత్రం మాకు ఆ వారమే కావాలి."

తీర్మానం ముసాయిదా తను రాస్తానంది. పుల్‌మన్ పూర్వ విద్యార్థుల సంతకాలు సేకరించే పని నాకు అప్పగించింది. ఆ రైతు దంపతుల ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. మొదట వారితోనే మాట్లాడతాను.